పేరు తెలిసిన నగర్, తెలియని మనిషి
(డాక్టర్ ఎ.ఎస్. రావు జీవితం)

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసివ్వమని వార్డెన్ సార్ అడిగినప్పుడు మాకు ముందుగా తట్టినవి అందరికీ తట్టే పేర్లే. అంబేద్కర్ గారి మీద మన సంచికలో ప్రతి ఏడాదీ రెండు వ్యాసాలైనా వస్తాయి, రావాలి కూడా. అబ్దుల్ కలాం గారి మీద ఒకటి తప్పదు. ఆ వ్యాసాలను మన తమ్ముళ్ళు మాకంటే బాగా రాస్తారు. అందుకని ఈసారి మేము, మన నగరంలో రోజూ వేలమంది నోట వినిపిస్తూ, ఆయన ఎవరో మాత్రం చాలామందికి తెలియని ఒక పేరును ఎంచుకున్నాము.

ఆ పేరు మాకు తగిలిన తీరు చెప్పాలి. రెండేళ్ళ కిందట, డిగ్రీ అయిపోయిన వేసవిలో, మాలో ఒకడికి అప్రెంటిస్ సర్టిఫికెట్ల పరిశీలన ఉందంటే తోడుగా నలుగురం చంపాపేట నుండి ఈసీఐఎల్ చౌరస్తాకు బయల్దేరాము. ఎల్.బి. నగర్‌లో ఒక బస్సు, ఉప్పల్‌లో ఇంకొకటి మారి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చౌరస్తాలో షేర్ ఆటోవాళ్ళు ఏఎస్ రావు నగర్, ఏఎస్ రావు నగర్ అని కేకలు పెడుతున్నారు. ఆ రావు ఎవరో అని మాలో చర్చ మొదలైంది. పాతకాలపు ఎమ్మెల్యే అయి ఉంటాడని ఒకడు, ప్లాట్లు వేసి అమ్మిన పెద్దమనిషి అయి ఉంటాడని ఇంకొకడు తేల్చేశారు. ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చేయబోతున్నవాళ్ళమూ మాలో ఉన్నాము. మాకూ తెలియలేదు. సిగ్గుపడవలసిన విషయమే, అందుకే ఇక్కడ ఒప్పుకుంటున్నాము.

ఆయన పూర్తి పేరు అయ్యగారి సాంబశివరావు. 1914వ సంవత్సరం సెప్టెంబరు 20న నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని మోగల్లు గ్రామంలో ఒక పేద కుటుంబంలో జన్మించారు. భీమవరం పక్కన వరి పొలాల మధ్య ఉన్న ఊరు అది. అక్కడి నుండి కాశీ వెళ్ళి బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. పూర్తిచేసి, అక్కడే భౌతికశాస్త్రం బోధిస్తూ పరిశోధన సాగించారు.

ఇక్కడ ఒక మాట. పేద కుటుంబంలో పుట్టి పైకి వచ్చారు అని ప్రతి మహనీయుని గురించీ రాస్తారు. అందరి పేదరికమూ ఒకటి కాదని మన హాస్టల్లో ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో డబ్బు లేకపోయినా బడి గుమ్మం ఎక్కగలిగినవారు కొందరు, డబ్బుతోపాటు ఆ గుమ్మం కూడా లేనివారు ఇంకెందరో. అయితే ఒక్క విషయంలో రావు గారి కథ మన గోడ మీది పటంలో ఉన్న బాబాసాహెబ్ కథకు దగ్గరగా వస్తుంది. బాబాసాహెబ్ 1913లో బరోడా సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. రావు గారు 1946లో టాటా వారి ఉపకార వేతనంతో అదే దేశంలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. ఉపకార వేతనం అంటే నెలాఖరున ఖాతాలో పడిందా లేదా అని చూసుకునే మొత్తం మాత్రమే కాదనీ, ఒక మనిషి వెళ్ళగలిగే దూరాన్నే అది మార్చేస్తుందనీ ఈ ఇద్దరి వల్ల మాకు బోధపడింది.

1947లో ఆయన స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ పొందారు. ఆ సంవత్సరం చాలా విశేషమైనది. మనకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ డిసెంబరులోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టర్ పుట్టింది. అంటే రావు గారు చదువుకున్నదంతా వేడెక్కి వెలిగే వాక్యూమ్ ట్యూబుల విద్య, ఆయన పనిచేయబోయేది ట్రాన్సిస్టర్ల కాలంలో. పట్టా చేతికి వచ్చిన ఏడాదే చదివింది పాతబడటం మొదలైందన్నమాట. సిలబస్ మారిపోయిందని మనం తిట్టుకున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తు చేసుకుంటే కొంత ఊరట.

స్వదేశానికి వచ్చిన తరువాత ఆయన హోమీ భాభా నాయకత్వంలో సాగుతున్న అణుశక్తి కార్యక్రమంలో చేరారు. అక్కడ ఎలక్ట్రానిక్స్ విభాగం ఆయన చేతి మీదుగా పెరిగింది. అణు పరిశోధన అనగానే మనకు బాంబులు, పెద్ద పెద్ద గోపురాలు గుర్తుకు వస్తాయి. నిజానికి ఆ పనిలో సగం కొలత. రేడియోధార్మికత కంటికి కనపడదు, ముక్కుకు తెలియదు. దానిని పట్టి అంకెగా చూపే పరికరం లేకపోతే శాస్త్రవేత్త గుడ్డివాడే. విదేశీ మారకద్రవ్యం కరువైన రోజుల్లో అలాంటి పరికరాలను ఇక్కడే తయారుచేసే పనిని రావు గారి బృందం తలకెత్తుకుంది.

1956 ఆగస్టు 4న ముంబయి దగ్గర ట్రాంబేలో మన దేశపు తొలి అణు రియాక్టరు అప్సర పనిచేయడం మొదలుపెట్టింది. దాని రూపకల్పనలో పాల్గొన్న 15 మంది ఇంజనీర్లలో రావు గారు ఒకరు. ఇంధనం బ్రిటన్ నుండి వచ్చింది. మిగిలినదంతా దాదాపు మనవాళ్ళు కూర్చినదే.

రియాక్టరులో ఎలక్ట్రానిక్స్‌కు ఏం పని అని చిన్న తరగతుల తమ్ముళ్ళకు సందేహం రావచ్చు. యురేనియం పరమాణువు చీలినప్పుడు న్యూట్రాన్లు బయటికి వస్తాయి, అవి మరికొన్ని పరమాణువులను చీలుస్తాయి. ఈ గొలుసు అదుపులో ఉంటే విద్యుత్తు, అదుపు తప్పితే ప్రమాదం. కాబట్టి న్యూట్రాన్లు ఎన్ని ఉన్నాయో క్షణక్షణం లెక్కపెడుతూ, హద్దు దాటుతున్నాయని తెలిసిన వెంటనే వాటిని పీల్చుకునే నియంత్రణ కడ్డీలను లోపలికి దించాలి. ఆలోచించుకుని రేపు చెబుతాను అనే యంత్రం ఇక్కడ పనికిరాదు. ఆ క్షణంలోనే కొలిచి, ఆ క్షణంలోనే నిర్ణయించాలి.

ఈ ఒక్క అవసరమే రావు గారి జీవితాన్ని నడిపించిందని మా అభిప్రాయం. ఎందుకంటే ఆ కాలంలో మన దేశంలో కంప్యూటర్ అంటే వేరే అర్థం ఉండేది.

1960ల్లో మన దేశంలో ఎక్కువగా కనిపించిన కంప్యూటర్ ఐబీఎం 1401. అమెరికాలో 1959లో విడుదలైన ఆ యంత్రాన్ని ఇక్కడి సంస్థలకు అద్దెకిచ్చేవారు. రంధ్రాలు పొడిచిన కార్డుల కట్ట ఇస్తే, దాని వంతు వచ్చినప్పుడు జీతాల లెక్కలో, బిల్లులో అచ్చువేసి ఇచ్చేది. బ్యాంకుకైనా, రైల్వేకైనా, ఫ్యాక్టరీకైనా అదే యంత్రం. అందరికీ ఒకే కొలత.

ఒకే కొలత అంటే మన హాస్టల్ యూనిఫాం గుర్తుకు వస్తోంది. చిన్నది, నడిమిది, పెద్దది అని మూడు కొలతల్లో కుట్టి పంపేవారు. మాలో సన్నగా పొడవుగా ఉన్నవాడికి చొక్కా సరిపోతే ప్యాంటు మడమ పైకి ఉండేది. అయినా వందలమందికి ఒకేసారి బట్ట దొరికిందంటే ఆ మూడు కొలతల వల్లనే. ఒక్కొక్కరినీ కొలిచి కుట్టమంటే ఆ డబ్బుకు సగంమందికి కూడా వచ్చేవి కావు. కాబట్టి ఒకే కొలతను మేము తీసిపారేయడం లేదు. కానీ అగ్నిమాపక దళంలో పనిచేసేవాడికి కూడా అదే చొక్కా ఇచ్చి మంటల్లోకి పొమ్మంటే కుదరదు. రియాక్టరు దగ్గర 1401 అలాంటి చొక్కా.

1962లో చైనాతో యుద్ధం మనకు చాలా పాఠాలు నేర్పింది. ఎలక్ట్రానిక్ పరికరాల కోసం ఎవరి మీదనో ఆధారపడితే కష్టమని తేలింది. 1963లో కేంద్ర ప్రభుత్వం భాభా అధ్యక్షతన ఒక ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు సభ్యులు. నలుగురిలో ఇద్దరు తెలుగువారు కావడం మనం చెప్పుకోదగిన విషయం. 1966 జనవరి 24న భాభా విమాన ప్రమాదంలో మరణించారు. కమిటీ నివేదిక ఆ ఏడాదే వెలుగు చూసింది. దాని సారాంశం, దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్స్‌ను దేశంలోనే తయారుచేసుకోవాలన్నది.

నివేదికలు రాసినవారిలో చాలామంది వాటిని అల్మారాలో పెట్టి మరిచిపోతారు. రావు గారు రాసిన పనిని తానే చేయడానికి దిగారు. 1967 ఏప్రిల్ 11న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్, అంటే మన ఈసీఐఎల్, హైదరాబాదులో ఏర్పడింది. ఆయనే దాని వ్యవస్థాపకుడు, తొలి సారథి. ట్రాంబేలో ప్రయోగశాల బల్ల మీద ఒక్కొక్కటిగా తయారైన పరికరాలు కుషాయిగూడలో ఫ్యాక్టరీ సరుకుగా మారడం మొదలైంది.

ఇక కంప్యూటర్ల సంగతి. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అనే కంప్యూటర్ 1969లో సిద్ధమైంది. ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్నది పూర్తి పేరు, 12 అన్నది దాని బిట్ల సంఖ్య. దానిని తయారుచేసి అమ్మే బాధ్యత ఈసీఐఎల్‌ది. తరువాత 1974లో టీడీసీ-312, 1975లో 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. 1978లో మైక్రోప్రాసెసర్‌తో మైక్రో-78 వచ్చింది. ఇవి ఒక్క పనికే పుట్టిన యంత్రాలని చెబితే అది తప్పవుతుంది. వీటికీ ప్రోగ్రాం రాయవచ్చు, ఏ లెక్క అయినా చేయించవచ్చు. కానీ టీడీసీ-12ను గీసినవారి మనసులో ఉన్నది జీతాల బిల్లు కాదు. రియాక్టరు నుండి వచ్చే కొలతలను వచ్చినవి వచ్చినట్టు అందుకుని వెంటనే స్పందించడం. దీనినే రియల్ టైమ్ అని మనం పాఠాల్లో చదువుతున్నాము. అవసరం నుండి యంత్రానికి వెళ్ళడం, యంత్రం నుండి అవసరానికి వెళ్ళకపోవడం. ఇది ఆయన దారి.

ఈ దారిలో మాకు అన్నింటికంటే నచ్చిన ఘట్టం కంప్యూటర్లది కాదు, టీవీలది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో సైట్ అనే ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6ను ఒక ఏడాదిపాటు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు గురించిన కార్యక్రమాలు నేరుగా ఉపగ్రహం నుండి అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మన పల్లెలకు కార్యక్రమాలు తెలుగులోనే వచ్చాయి.

ఆ పల్లెల్లో పెట్టిన సెట్లను తయారుచేసింది ఈసీఐఎల్. ఇప్పుడు ఆలోచించండి. బజారులో దొరికే టీవీ ఊళ్ళో పనికిరాదు. అది దగ్గరలో టవరు ఉంటేనే పనిచేస్తుంది, ఉపగ్రహాన్ని పట్టదు. పల్లెలో కరెంటు ఉంటుందో ఉండదో, ఉన్నా ఎంత వస్తుందో తెలియదు. దుమ్ము, ఎండ, వాన. చెడిపోతే బాగుచేసేవాడు యాభై మైళ్ళ దూరంలో. పైగా చూసేది ఒక కుటుంబం కాదు, రచ్చబండ దగ్గర చేరిన ఊరు మొత్తం. దానికి పది అడుగుల గొడుగు కావాలి, గొడుగుకు ఖరీదైన లోహపు రేకు కొనలేము. కోళ్ళ గూళ్ళకు కట్టే ఇనుప వల లాంటి దానితోనే ఆ డిష్ కట్టారు. రూపకల్పనలో ఇస్రో శాస్త్రవేత్తల పాత్ర పెద్దది, ఆ ఘనత వారిది. కానీ కాగితం మీది గీతను వేల సంఖ్యలో పనిచేసే సెట్లుగా మార్చడం చిన్న పని కాదని ప్రాజెక్టు బోర్డు మీద ఒక్క సోల్డర్ సరిగా అతకక రాత్రంతా మేల్కొన్న మేము చెప్పగలము.

ఇంతవరకు అంతా విజయగాథ లాగే ఉంది. కానీ మేము ఇందులో ఓటమిని దాచదలచుకోలేదు, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది.

టీడీసీ యంత్రాలు బజారులో నెగ్గలేదు. 1970ల్లో ఈసీఐఎల్ అమ్మిన కంప్యూటర్లు వందకు లోపే, వాటిలోనూ ఎక్కువ భాగం ప్రభుత్వ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు కొన్నవి. ధర ఎక్కువ, ప్రింటర్లు, డిస్కుల వంటి అనుబంధ పరికరాలు కొన్ని విదేశాల నుండి రావలసినవి, వాడుకోవడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు తక్కువ. బయటి యంత్రాల దిగుమతి మీద ఆంక్షలు పెట్టి బలవంతంగా ఇవే కొనమంటున్నారని ఆనాడు గొణిగినవారు ఉన్నారు. ఆ గొణుగుడులో న్యాయం కొంత ఉంది. 1978లో ఐబీఎం మన దేశం విడిచి వెళ్ళింది. విదేశీ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలన్న ఫెరా చట్టం నిబంధన దానికి నచ్చలేదు. ఇక మైదానం మనదే అనుకున్నారు. కానీ అసలు పోటీ ఐబీఎం 1401 నుండి రాలేదు. వేలి గోరంత చిప్ నుండి వచ్చింది.

1971లో ఇంటెల్ తొలి మైక్రోప్రాసెసర్ అమ్మకానికి పెట్టింది. 1981 ఆగస్టులో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ వచ్చింది. దాని నమూనాను పట్టుకుని ప్రపంచమంతా ఒకే రకం కంప్యూటర్లు తయారుచేయసాగారు. అక్కడి నుండి ఒక చక్రం తిరిగింది. ఎక్కువమంది కొంటే ధర తగ్గుతుంది, తయారీదారుకు డబ్బు వస్తుంది, ఆ డబ్బుతో ఇంకా వేగమైన చిప్ వస్తుంది, అది వస్తే ఇంకా ఎక్కువమంది కొంటారు. రెండేళ్ళకోసారి చిప్‌లో ట్రాన్సిస్టర్లు రెట్టింపవుతూ వచ్చాయి. ఈ పరుగులో ప్రత్యేక యంత్రం తయారుచేసేవాడు ఎలా నిలబడగలడు? మూడేళ్ళు చెమటోడ్చి తన పనికి తగ్గ యంత్రం గీసి బయటికి తెచ్చేసరికి, బజారులోని మామూలు చిప్ దానిని దాటేసి ఉండేది, అదీ పదోవంతు ధరకు. ఓపిక పట్టినవాడికి ఊరికే దొరికేదానికి చెమటోడ్చడం ఎందుకని లోకం అనుకుంది. ఆ రోజుల్లో ఆ మాట తప్పు కూడా కాదు. మన తెలుగు పిల్లలు లక్షలాదిగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లోకి వెళ్ళగలిగింది ఈ ఒకే రకం యంత్రం వల్లనే. ఇక్కడ నేర్చుకున్న ప్రోగ్రామింగ్ అమెరికాలోనూ అలాగే పనిచేస్తుంది కనుక.

మరి రావు గారి దారి అంతటితో మూసుకుపోయిందా? లేదు, కొన్ని చోట్ల మిగిలింది. ఆయన 1970ల చివర పదవి నుండి తప్పుకున్న తరువాత కూడా ఆయన సంస్థ ఆ అలవాటు మానలేదు. అణు విద్యుత్ కేంద్రాల నియంత్రణ పరికరాలు, పెద్ద పెద్ద యాంటెన్నాలు అక్కడే తయారవుతూ వచ్చాయి. మనందరికీ తెలిసిన ఉదాహరణ ఓటింగ్ యంత్రం. 1979లో ఈసీఐఎల్ దాని నమూనా తయారుచేసింది. 1982 మేలో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగ్ కేంద్రాల్లో మొదటిసారి వాడారు. చట్టంలో యంత్రం ప్రస్తావన లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ ఎన్నికను తప్పుపట్టింది. తరువాత చట్టాన్ని సవరించారు. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతటా యంత్రాలతోనే జరిగాయి. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, మన ఈసీఐఎల్ ఈ రెండే వాటిని తయారుచేస్తాయి. ఓటు నమోదు చేయడం, లెక్కపెట్టడం తప్ప ఆ పెట్టెకు ఇంకేమీ రాదు. పాటలు రావు, ఇంటర్నెట్ రాదు. ఆ రాకపోవడమే దానికి బలం. ఈ యంత్రం మీద ఎన్నో వాదాలు ఉన్నాయి, అవి మన హాస్టల్ వరండాలో ఎన్నికలప్పుడల్లా జరుగుతూనే ఉంటాయి, వాటిని ఇక్కడకు తేవడం లేదు.

ఆ తరువాత లోకమే తిరిగి ఆ దారికి వచ్చింది. 2005 ప్రాంతంలో మామూలు చిప్‌ల వేగం పెరగడం దాదాపు ఆగిపోయింది. ట్రాన్సిస్టర్లను చిన్నవి చేసినకొద్దీ వేడి తగ్గుతుందన్న పాత లెక్క చెల్లలేదు. ఇంకా వేగంగా తిప్పితే చిప్ కాలిపోతుంది. మూడు, నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గర గడియారం ఆగిపోయింది. ఓపిక పట్టినవాడికి ఊరికే దొరికే రోజులు పోయాయి. అప్పుడు మళ్ళీ పనికొక చిప్ అన్న మాట వచ్చింది. వీడియో గేముల బొమ్మలు గీయడానికి పుట్టిన గ్రాఫిక్స్ చిప్‌లను 2007 నుండి శాస్త్రీయ లెక్కలకు వాడుకునే వీలు కల్పించారు. 2012లో బొమ్మలను గుర్తుపట్టే ఒక ప్రోగ్రాం అలాంటి రెండు చిప్‌ల మీద శిక్షణ పొంది పోటీలో అందరినీ దాటేసింది. నేటి కృత్రిమ మేధ ఉరవడికి అది ఒక మలుపు. 2015 నుండి గూగుల్ తన కృత్రిమ మేధ పనులకు తన సొంత చిప్‌నే వాడుకుంటోంది. 2020లో ఆపిల్ తన కంప్యూటర్లకు సొంత చిప్ పెట్టుకుంది. మన చేతిలోని ఫోనులో కూడా కెమెరాకు ఒక భాగం, మాటకు ఒక భాగం, బొమ్మకు ఒక భాగం వేరువేరుగా ఉన్నాయి.

ఇందులో మమ్మల్ని కలవరపెట్టే విషయం ఒకటి ఉంది. ఒకే రకం యంత్రం ఉన్నప్పుడు అమెరికాలో ఎవడో వేగమైన చిప్ కొంటే, ఆ చక్రం వల్ల రెండేళ్ళకు మన హాస్టల్ కంప్యూటర్ గదికి కూడా దాని వాటా అందేది. ఇప్పుడు డబ్బున్నవారు తమ పనికి తామే చిప్ చేయించుకుంటున్నారు. ఆ చిప్ ఎంత పదునెక్కినా మన గదిలోని పాత డెస్క్‌టాప్‌కు ఒరిగేది తక్కువ. యూనిఫాం గుడ్డ బాగులేదని ఊళ్ళోని ఆసాములంతా దర్జీ దగ్గరకు పోతే, యూనిఫాం గుడ్డ సంగతి అడిగే నాథుడు ఎవడు? మన ఊళ్ళ కోసం, మన భాష కోసం, మన ఆరోగ్య ఉపకేంద్రం కోసం చిప్ ఎవరు గీస్తారు? అంత చిన్న బజారుకు ఎవరు డబ్బు పెడతారు? 1975లో ఊరి రచ్చబండకు తగ్గ సెట్టును తయారుచేసినవారు ఉన్నారు కనుకనే ఈ ప్రశ్న అడిగే ధైర్యం మాకు వచ్చింది.

మా సొంత అనుభవం కూడా కొంచెం చెబుతాము. పీజీలో చేరిన ఏడాది మాలో ముగ్గురం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళాము. మేము చదివేది ఎలక్ట్రానిక్స్ అని చెప్పినా, దానికి ఉద్యోగాలు లేవు, అందరూ నేర్చుకునే కోర్సే నేర్చుకోమని అక్కడివారు ఒప్పించారు. ఇంట్లో తొలి డిగ్రీ మాదే. అమ్మానాన్నలకు కోర్సు పేరు తెలియదు, ఎంత కట్టాలో మాత్రమే తెలుసు. ఒకరింట్లో మేకలు అమ్మి ఫీజు కట్టారు. నాలుగు నెలల తరువాత చూస్తే మాలాగే ఆ కోర్సు చేసినవాళ్ళు ప్రతి సందులో వందమంది. పెట్టిన ఉద్యోగ మేళాలో ముగ్గురిలో ఒక్కరికీ పిలుపు రాలేదు. ఆ కోర్సు చెడ్డదని మేము అనము, దానితో బతుకుతున్న అన్నలు మన హాస్టల్ వారే ఎందరో ఉన్నారు. కానీ మన చదువేమిటి, మన చేతికి ఏది వస్తుంది అని కొలత తీసుకోకుండా అందరి చొక్కానే తొడుక్కున్నాము. ఆ ఫీజు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. తరువాత ఇద్దరం మళ్ళీ సర్క్యూట్ల దగ్గరకు వచ్చాము. హైదరాబాదులో చిప్‌లు గీసే కంపెనీలు, క్వాల్‌కామ్, ఏఎండీ వంటివి, ఉన్నాయని మాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మనం రోజూ దాటే చంపాపేట, కంచన్‌బాగ్ దారిలో గోడల వెనుక ఉన్న డీఆర్‌డీఓ ప్రయోగశాలల్లో జరిగేది కూడా పనికి తగ్గ యంత్రం చేయడమేనని ఆలస్యంగా తట్టింది.

రావు గారికి 1960లో పద్మశ్రీ, 1965లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1972లో పద్మభూషణ్ లభించాయి. ఈసీఐఎల్‌లో పని నేర్చుకుని బయటికి వచ్చిన ఇంజనీర్లు కుషాయిగూడ, చర్లపల్లి ప్రాంతాల్లో చిన్న చిన్న పరిశ్రమలు పెట్టుకున్నారు. ఐటీఐ చదివిన మన హాస్టల్ అన్నలు కొందరు అలాంటి చోట్లే పనిచేస్తున్నారు. బిరుదుల కంటే ఇది ఆయనకు పెద్ద గౌరవమని మాకనిపిస్తుంది. 2003 అక్టోబరు 31న, 89 ఏళ్ళ వయసులో ఆయన హైదరాబాదులో కన్నుమూశారు. మేము అప్పటికి పుట్టామో లేదో అన్నంత పసివాళ్ళము. ఇప్పుడు ఆ కాలనీకి ఆయన పేరు ఉంది, బస్సు బోర్డు మీద ఉంది, ఆటోవాళ్ళ కేకలో ఉంది.

చివరగా తమ్ముళ్ళకు ఒక వార్త. ఆ రోజు సర్టిఫికెట్ల పరిశీలనకు తోడు వెళ్ళామని చెప్పాము కదా, ఆ మిత్రుడికి అప్పుడు సీటు రాలేదు, మార్కులు కొద్దిలో తగ్గాయి. ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టాడు, వచ్చే మంగళవారం పిలిచారు. ఈసారి ఉప్పల్‌లో బస్సు కోసం ఎదురుచూడకుండా ఉదయం ఆరింటికే చంపాపేట నుండి బయల్దేరుతున్నాము. మిగతా ముగ్గురం మళ్ళీ తోడు వెళ్తున్నాము.